పైడమ్మ ఎడమ చెయ్యి

"పైడక్కా, నా నెత్తి చూడవే..."

కేక వీధి ఆ చివర్నుంచి వచ్చింది. ఆషాఢమాసం, పొద్దున్న ఏడున్నర, పైన సన్నగా జల్లు. నీలాటి వీధిలో సగం తలుపులు ఒక్కసారే తెరుచుకున్నాయి. ఎందుకంటే ఆ గొంతు పెసరట్ల బండి జగ్గారావుది. ఆ గొంతు వేడి పెసరట్టు కోసం తప్ప ఇంకో దానికోసం అరవగా ఆ వీధివాళ్ళు ఎప్పుడూ వినలేదు.

జగ్గారావు రెండు చేతులతో నడినెత్తి నొక్కుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. సింహాచలం సెలూన్ ముందు ఆగి చేతులు తీశాడు. తీయగానే నడినెత్తి మీద బెత్తెడు జుట్టు టింగుమని లేచి నిలబడింది. నొక్కాడు, పడుకుంది. వదిలాడు, లేచింది.

పైడమ్మ అప్పుడే క్యారేజీ మూత తీసి చద్దన్నంలో పెరుగు కలుపుతోంది. మూత మళ్ళీ పెట్టేసింది. ఆవిడ ముప్ఫయ్యేళ్ళ కత్తెర ఉద్యోగంలో ఏనాడూ ఒక పూట భోజనం ఒక్క విడతలో చెయ్యలేదు. మూత తీస్తే చాలు, ఎవరో ఒకరు తల పట్టుకుని వస్తారు.

"గుడ్డులో దూరావా?" అంది.

"దూరాను."

"గుడ్డులో దూరినోడు పుంజై రాక ఇంకేటై వస్తాడ్రా జగ్గా," అంది పైడమ్మ. బెంచీ మీద పేపరు చదువుతున్నవాళ్ళు పేపరు దించి మరీ నవ్వారు.

ఇప్పుడు ఆ గుడ్డేమిటో మీకు చెప్పాలి. ఇది రెండువేల యాభై తొమ్మిదో సంవత్సరంలో మాట. బొబ్బిలికి అవతల గజరాయపురం అని ఓ చిన్న పట్నం. వానొస్తే రోడ్లే నీళ్ళు తాగేస్తాయి, వీధి దీపాలే రేపటి ఎండావానా కబురు చెప్తాయి. మిగతాదంతా మన ఊళ్ళలాగే, దోమలతో సహా. ఆ పట్నంలో వీధికొకటి చొప్పున తెల్లటి గది వెలిసింది, నిలబెట్టిన కోడిగుడ్డు ఆకారంలో. కంపెనీవాళ్ళు దానికి సీజన్ పాడ్ అని పేరు పెట్టుకున్నారు. జనం మాత్రం గుడ్డు అనే అన్నారు. లోపల కూర్చుంటే పైనుంచి టోపీ దిగుతుంది. టోపీ లోపల పన్నెండు చిన్న కత్తెరలు. నాలుగు నిమిషాల్లో పని పూర్తి. ఏ స్టైల్ కావాలని అది అడగదు, మీరు చెప్పక్కర్లేదు. ఆ సీజన్‌లో ఏది నడుస్తోందో దానికే తెలుసు.

ఎలా తెలుసంటారా? చాలా సులువు. ప్రతి వీధి స్తంభానికీ ఒక కన్నుంది. కెమెరా అనుకోండి. దారిన పోయే తలలన్నిటినీ అది చూస్తుంది. ముఖాలు దానికక్కర్లేదు, తలలే. ఒకలాంటి తలలన్నీ ఒక గుంపులో వేస్తుంది, మన ఆడవాళ్ళు చాటలో బియ్యం ఒకవైపు, రాళ్ళు ఒకవైపు చేసినట్టు. ఏ గుంపు తొందరగా పెరుగుతోందో అదే ట్రెండ్. రాష్ట్రంలో ఉన్న గుడ్లన్నీ వారానికోసారి తమలో తాము ఈ లెక్కలు చెప్పుకుని, ఈ వేసవికి ఇది, ఈ వానాకాలానికి ఇది, చలికాలానికి ఇది, పెళ్ళిళ్ళ సీజన్‌కి ఇది అని తేల్చుకుంటాయి. తేలిందే మీ నెత్తికెక్కుతుంది.

మరి కొయ్యడం ఎవరు నేర్పారంటే, చెప్తే నమ్మరు, మన పైడమ్మే నేర్పింది.

రెండేళ్ళ కిందట డాక్టర్ పట్రుడు అనే సైంటిస్టు ఆవిడ కుడిచేతికి పల్చటి తొడుగొకటి తొడిగాడు. మందులిచ్చే డాక్టరు కాదు, మెషీన్ల డాక్టరు. మంచివాడే. ఆ తొడుగులో సూది మొనంత సెన్సర్లు వెయ్యి. కత్తెర ఎప్పుడు మూసుకుంది, ఎంత వంగింది, ఎక్కడ ఆగింది, ఏడాది పొడుగునా అన్నీ రాసుకుంది. "కటింగ్ చేసేవాళ్ళు లేని కొండ ఊళ్ళ కోసమండీ" అన్నాడాయన. పైడమ్మ సరేనంది. ఆయన అన్నమాట అబద్ధం కాదు. కానీ ఆయన పైనున్నవాళ్ళు కొండ ఊళ్ళకి పంపిన గుడ్లు మూడు, పట్నాలకి పంపినవి మూడు వేలు. అందులో ఒకటి తిన్నగా వచ్చి నీలాటి వీధి మొదట్లోనే కూర్చుంది.

అక్కడితో ఆగలేదు. వీధికి ఒకే కేశ లైసెన్సు అని టౌన్ కౌన్సిల్ కొత్త రూలు పెట్టింది. చలికాలంలో ఒకరోజు స్తంభం మీది కన్ను వీధిలో మగతలలు లెక్కపెడుతుంది. ఎవరి చేతి స్టైల్ ఎక్కువ తలల మీద ఉంటే లైసెన్సు వాళ్ళది, రెండోవాళ్ళు షట్టరు దించెయ్యాలి. నీలాటి వీధిలో మగతలలు రెండు వందల పద్నాలుగు. ఆషాఢం నాటికే నూట అరవై గుడ్డులో దూరి వచ్చాయి. ఆ షట్టరు పైడమ్మ తండ్రి సింహాచలం నలభయ్యేళ్ళు ఎత్తిన షట్టరు. ఆయన పోయాక ఆవిడ ఎత్తితే, ఆడదాని చేత గెడ్డం గీయించుకోవడమేమిటని ఆర్నెల్లు ఎవరూ గుమ్మం ఎక్కలేదు. ఆ ఆర్నెల్లూ ఆవిడ రోజూ పొద్దున్న ఏడింటికి ఎత్తి, రాత్రి ఏడింటికి దించింది. ఇప్పుడు దించితే మళ్ళీ ఎత్తడం లేదు. అదీ సంగతి.

ఇక జగ్గారావు దగ్గరికి వద్దాం. పైడమ్మ వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి ఎడమచెయ్యి నెత్తి మీద వేసింది.

"నీ సుడి ఎడం పక్కకి తిరుగుతాది. ఇది కుడి పక్కకి తిరిగే సుడికి కోసినట్టు కోసీసింది. పొడి గాలిలో పడుకునే ఉంటాది. వాన చెమ్మ తగిలితే లేస్తాది."

"మరి సరిచేసీ."

"కురచైపోయిన జుట్టుని ఏ కత్తెరా పొడుగు చెయ్యలేదురా. మూడు వారాలు పెరగనీ. అప్పుడు రా."

జగ్గారావు మూడు వారాలాగి రాలేదు. రావాల్సిన పనే లేకపోయింది. ఎందుకంటారా, అక్కడే ఉంది తమాషా. ఆ వానల్లో ఒక్క జగ్గారావుకే కాదు, గుడ్డులో దూరినవాళ్ళలో చాలామందికి నడినెత్తిన జుట్టు లేచింది. స్తంభం మీది కన్ను చూసింది. లేచిన జుట్టు గుంపు గబగబా పెరుగుతోందని రాసుకుంది. తన తప్పని దానికి తెలియదు. పదిహేను రోజుల్లో ఈ వానాకాలం స్టైల్ ఇదేనని రాష్ట్రమంతటికీ చెప్పేసింది. పేరు కూడా పెట్టింది, శిఖరం అని. విశాఖపట్నంలో కుర్రాళ్ళు లేవని జుట్టుని జిగురు పెట్టి లేపుకున్నారు. జగ్గారావు పెసరట్ల బండి మీద తన ఫోటో వేసుకుని, శిఖరం మొదట మొలిచిన తల ఇదే అని కింద రాయించాడు.

పైడమ్మ ఆ బోర్డు రెండుసార్లు చదివింది. తర్వాత బెంచీ మీదివాళ్ళతో ఒకే ముక్క అంది.

"అయితే దీనికి కళ్ళున్నాయి గానీ, ఏది చూస్తందో దీనికి తెలీదన్నమాట."

భాద్రపదంలో డాక్టర్ పట్రుడు వచ్చాడు. బ్యాటరీ కారు దిగి, గొడుగు ముడిచి, చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళుంటాయి. కళ్ళద్దాలు, సౌమ్యమైన మాట. పైడమ్మ క్యారేజీ మూత పెట్టింది.

"తినండి పైడమ్మ గారూ, ఆగుతాను."

"పర్లేదు బాబూ, అలవాటే. చెప్పండి."

"మాదో పొరపాటు జరిగింది," అన్నాడాయన కుర్చీలో కూర్చుని. "కత్తెర కుడిచేతిలో ఉంటుంది కదా అని తొడుగు కుడిచేతికే వేశాం. ఇప్పుడు లెక్కలన్నీ మళ్ళీ చూస్తే, మీ కుడిచెయ్యి ప్రతి కోతకీ ముందు ఒక క్షణం ఆగుతోంది. దేనికోసమో ఎదురు చూస్తోంది. దేనికోసమో మాకు తెలియలేదు."

పైడమ్మ నవ్వింది. "ఇంత చదువు చదివి ఇది తెలీలేదేటి బాబూ. కత్తెరకేటి తెలుసు, కొయ్యమంటే కోస్తాది. ఎక్కడ కొయ్యాలో చెప్పేది దువ్వెన పట్టుకున్న చెయ్యి. తల వంచేది అది, సుడి చూసేది అది, చెవి వెనక మచ్చ ఉందేమో తడిమేది అది. మనిషి నిద్దరోతున్నాడో బెంగ మీదున్నాడో కూడా మెడ పట్టుకుంటే దానికి తెలిసిపోతాది. అది చెప్తేనే ఇది కదుల్తాది."

"అదే. ఆ ఎడమచెయ్యి ఒక ఏడాది ఇస్తే..."

ఆవిడ జవాబు చెప్పకుండా ఎడమచెయ్యి ఆయన తల మీద పెట్టింది. వేళ్ళు రెండుసార్లు తిరిగాయి.

"రెండు సుడులు. పెళ్ళయిందా బాబూ?"

"లేదండీ."

"రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళంటారు. మీకు మొదటిదే అవలేదా?"

బెంచీ మీద ఎవరో దగ్గారు. డాక్టరు కూడా నవ్వేశాడు. నవ్వయ్యాక పైడమ్మ చెయ్యి తీసేసింది.

"ఇవ్వను."

"ఎందుకండీ?"

"ఒక చెయ్యి ఇచ్చాను. అది నా వీధికే వచ్చి నా కుర్చీ ఖాళీ చేసింది. రెండోది కూడా ఇచ్చీసి నేను దేంతో బతకాలి, దేంతో అన్నం తినాలి?"

డాక్టర్ పట్రుడు తల దించుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "ఇవ్వకపోయినా లెక్కలో మీరు ఓడిపోతారు పైడమ్మ గారూ. మీవైపు తలలు యాభై నాలుగు. ఇస్తే కంపెనీ తరఫున మీకో గౌరవ పదవైనా ఇప్పించగలను."

"ఎవరి గౌరవం వాళ్ళ దగ్గరుంది బాబూ. లెక్క ఎప్పుడు?"

"చలికాలంలో ఎప్పుడైనా. తేదీ అడిగే హక్కు పాత షాపుకే ఉంది."

"అయితే రాసుకోండి. కార్తీకం మొదలైన నలభై ఒకటో రోజు."

ఆయన ఫోన్లో రాసుకున్నాడు. చదువుతున్న మీకు ఈపాటికి నవ్వొస్తూ ఉంటుంది. ఆయనకి రాలేదు. ఆయన తండ్రి పద్దెనిమిదిసార్లు మాల వేసుకున్న గురుస్వామి. కార్తీకంలో మాల పడితే నలభై ఒక్క రోజులు కత్తెర, కత్తి ముట్టరని ఆయనకి చిన్నప్పట్నుంచీ తెలుసు. అయినా ఇంట్లో తెలిసిన సంగతి ఆఫీసులో గుర్తుకు రాదు. చాలామంది చదువుకున్నవాళ్ళకి ఇది ఉన్నదే.

పైడమ్మకి మాత్రం ఏడాదంతా వేళ్ళ మీదే ఉంటుంది. గుడ్డుకి నాలుగు సీజన్లయితే ఆవిడకి పది. వేసవి సెలవులివ్వగానే పిల్లలకి పొట్టి కటింగులు. మాఘం, ఫాల్గుణాల్లో పెళ్ళికొడుకులు, వాళ్ళకంటే ఎక్కువ హడావుడి పడే పెళ్ళికొడుకు బావలు. ఆషాఢంలో ఈగలు తోలుకోవడమే. అమావాస్యకి ఎవరూ రారు, మంగళవారం ఆవిడే తియ్యదు. కార్తీకం వచ్చిందంటే నలభై ఒక్క రోజులు సగం వీధికి గెడ్డాలే. ఆ తర్వాత కొండకెళ్ళి వచ్చినవాళ్ళందరూ ఒక్కసారే మీదపడితే చేతులు పడిపోయేంత పని. సింహాచలం ఈ లెక్కంతా కూతురికి నోటితోనే చెప్పాడు. ఏ తొడుగూ దాన్ని రాసుకోలేదు.

కార్తీకం మొదటి రోజున వీధిలో నూట ఇరవై మంది మాల వేసుకున్నారు. అదే రోజు పైడమ్మ సెలూన్ షట్టరు పూర్తిగా ఎత్తి, అద్దం తుడిచి, బెంచీ బయట వేసి, గుమ్మానికి ఒక అట్ట కట్టింది.

"నలభై ఒక్క రోజులు ఇక్కడ కటింగ్ లేదు, గెడ్డం లేదు. గుడ్డులోనూ దూరకండి. కూకుని పేపరు చదువుకోండి."

మాల వేసుకోని తొంభై నాలుగు మందీ గుమ్మం ముందు చేరారు.

"మేమెందుకు మానాలక్కా? మేం స్వాములం కాదు కదా," అన్నాడు జగ్గారావు. వాడికి జుట్టు మీద మమకారం ఎక్కువ.

"ఈ ఏడు మానండ్రా. ఎవడి తల వాడిదని దానికి ఒక్కసారి తెలియనీండి," అంది పైడమ్మ. "మీ నెత్తి మీద ఏం ఉండాలో గుమ్మంలో నిలబడ్డ డబ్బా చెప్తంది. మీరు నోరు మూసుకుని దూరి వస్తన్నారు. నా షట్టరు పడిపోతే పోనీండి. రేపు మీకు నచ్చకపోతే నచ్చలేదని చెప్పడానికి ఎదురుగా మనిషన్నవాడు ఉంటాడేటి?"

"నువ్వూ కొయ్యకపోతే నీకు ఒరిగేదేటి?"

"ఏటీ లేదు. నేనూ మీతోపాటే మానుతున్నాను."

ఆ మాటతో జగ్గారావు కూడా వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. కత్తెర పట్టి బతికే మనిషి కత్తెర దింపితే ఇంక ఏమంటారు?

ఆవిడ తిండి సంగతి వీధి చూసుకుంది. రోజుకొక ఇంటినుంచి క్యారేజీ. ఆ వరస వేసినావిడ నరసాయమ్మ. ఎనభై రెండేళ్ళ పెద్ద ముత్తైదువ, వీధిలో ఆవిడ మాటకి ఎదురు లేదు. ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే కథ అర్థం కాదు. ఎన్ని మెషీన్లొచ్చినా నీలాటి వీధిలో కటింగ్ చేయించుకున్నవాడు స్నానం చేసేదాకా ఇంట్లో ఏదీ ముట్టడు. అది చిన్న విషయమే. కానీ కటింగ్ చేసే మనిషి రోజంతా తలలే ముడుతుంది కదా. అందుకని పెళ్ళిళ్ళలో, పండగల్లో సింహాచలానికి భోజనం ఆకులో కట్టి ఇచ్చేవారు. కూతురికి క్యారేజీలో పెట్టి పంపుతున్నారు. ఎవరూ రావద్దనలేదు. రమ్మని కూడా అనలేదు. సింహాచలం ఆ వీధిలో ప్రతి తలనీ ముట్టి, ఒక్క పంక్తిలోనూ కూర్చోకుండానే పోయాడు.

పదకొండో రోజున పెద్ద వాన. నరసాయమ్మ తలుపు దగ్గర నిలబడి సెలూన్ వైపు కేకేసింది.

"పైడీ, క్యారేజీ తేవడానికి ఇంట్లో ఎవరూ లేరు. నువ్వే వచ్చి తినీసి పో."

"లోపలికా అమ్మా?"

"లోపలికే. పది రోజులై ఏ తలా ముట్టలేదు కదా, తప్పేటుంది."

పైడమ్మ ఆ వానని కాసేపు చూసింది.

"తల ముట్టుకుంటే తప్పా అమ్మా?"

నరసాయమ్మ కొంగు సర్దుకుని వీధి చివరికి చూసింది.

"అయితే క్యారేజీయే పంపించండి. వాన తగ్గాకే పంపండి. ఆకలికి ఆగగలను," అంది పైడమ్మ. ఆరోజు అన్నం మూడు గంటలకి వచ్చింది. బెంచీ మీద ఒక్కతే కూర్చుని తింది. ఒక్క విడతలోనే తింది, తల పట్టుకుని వచ్చేవాళ్ళు లేరు కాబట్టి. బావుంది గానీ, ఎందుకో రుచి తెలియలేదంది.

రోజులు నడిచాయి. పేపరు కోసం, కబుర్ల కోసం పొద్దున్నే జనం ఆ బెంచీ దగ్గరే చేరేవారు. నల్లపంచెల స్వాములూ, పంచెల్లేనివాళ్ళూ, అందరూ గెడ్డాలే. మామూలుగా పైడక్క అని పిలిచే స్వాములు ఆ రోజుల్లో మాతా అని పిలుస్తారు. ఆవిడ "ఏం స్వామీ" అని పలికి, వాళ్ళ జుట్టు వంక చూసి చేతులు వెనక్కి కట్టుకునేది. చూస్తూ కొయ్యకుండా ఉండడం ఆవిడకి ఉపవాసం కంటే కష్టం.

ముప్ఫై మూడో రోజున జగ్గారావు కనబడలేదు. సాయంత్రం వాడి బావమరిది పెళ్ళి. ఫోటోల్లో ఈ గెడ్డంతో పడతానా అని ముందురోజు నుంచీ గొణుగుతున్నాడు. పదింటికి వీధి చివర గుడ్డు తలుపు తెరుచుకున్న చప్పుడైంది. బెంచీ మీద అందరూ అటు తిరిగారు.

"పోనీండి. ఒక్క తల," అంది పైడమ్మ. కానీ ఆవిడ కూడా అటే చూస్తూ ఉంది.

ఐదు నిమిషాల తర్వాత జగ్గారావు నడిచి వచ్చాడు. మెల్లగా వచ్చాడు. జుట్టు అలాగే ఉంది, గెడ్డం అలాగే ఉంది. కాకపోతే తడిగా ఉంది, గులాబీ వాసన వేస్తోంది.

"ఏటైందిరా?"

"కొయ్యలేదక్కా."

"కొయ్యలేదా?"

"టోపీ దిగింది. నీళ్ళు జల్లింది. దువ్వింది. 'మీ హెయిర్ స్టైల్ ఇప్పటికే ట్రెండ్‌లో ఉంది, ధన్యవాదాలు' అంది. తలుపు తీసీసింది." వాడు బెంచీ చివర కూలబడ్డాడు. "నేను తప్పు చేయడానికే వెళ్ళాను. అదే నన్ను తిప్పి పంపీసింది."

ఎవరు ముందు నవ్వారో తెలియదు. స్వాములు నవ్వారు, పెద్దలు నవ్వారు. పైడమ్మ నవ్వలేదు, వాడి భుజం తట్టింది. "బావమరిది పెళ్ళికి ఇలాగే వెళ్ళు. ఫ్యాషన్‌లో ఉన్నావు కదా," అంది.

జరిగింది ఏమిటంటే, నీలాటి వీధి మొత్తం ఒక్క తలలా మారేసరికి అక్కడి కన్ను దాన్ని ట్రెండని పైకి చెప్పింది. మిగతా ఊళ్ళలో కన్నులు మాలధారుల్ని చూసి, అవునవును, మా దగ్గరా ఇదే పెరుగుతోందన్నాయి. గుడ్లన్నీ కూడబలుక్కుని చలికాలం స్టైల్ ప్రకటించాయి. పేరు వనం. పద్ధతి, ఏమీ కొయ్యకపోవడం. ఆరోజు నుంచి రాష్ట్రంలో మూడువేల గుడ్లు తలుపులు తెరిచి, నీళ్ళు జల్లి, దువ్వి, ధన్యవాదాలు చెప్పి పంపడం మొదలుపెట్టాయి. బ్యాంకు మేనేజర్లు మాసిన గెడ్డాలతో ఆఫీసుల్లో కూర్చున్నారు. ఇంటర్వ్యూకి వెళ్ళే కుర్రాళ్ళు తల్లుల కుట్టుమిషను కత్తెర్లతో గెడ్డాలు తరుక్కుని చెంపలు కోసుకున్నారు. చాలా పట్నాల్లో చేతి సెలూన్లు ఎప్పుడో షట్టర్లు దించేశాయి. పిలుద్దామంటే మనిషి లేడు.

నలభై ఒకటో రోజు మంగళవారం పడింది. రాత్రి బండికి స్వాములు కొండకి బయల్దేరతారు కాబట్టి మధ్యాహ్నం వీధిలోనే అందరికీ భిక్ష. పందిరి వేశారు, పొయ్యిలు పెట్టారు. పులిహోర, ముద్దపప్పు, కంద బచ్చలి కూర, గుమ్మడికాయ దప్పళం, పరమాన్నం. పదకొండింటికి డాక్టర్ పట్రుడి కారు వచ్చింది. ఆయన దిగగానే వీధి వీధంతా చూసింది. రెండు సుడుల దగ్గరా జుట్టు రెండు వైపులకీ గిరగిరా తిరిగి పైకి లేచి ఉంది. గెడ్డం చెంపల నిండా ముళ్ళలా మొలిచింది.

ఆయన స్తంభం దగ్గరికెళ్ళి, తన చేతిలోని తెర పలక మీద లెక్క చూసి, గట్టిగా చదివాడు. చదవాలి, అది రూలు.

"మొత్తం తలలు రెండు వందల పద్నాలుగు. స్టైల్, వనం. రెండు వందల పద్నాలుగు. వేరే స్టైల్ లేదు."

"ఎవరి చేతిదని రాసింది బాబూ?" అని అడిగింది పైడమ్మ.

ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "స్టైల్ మొదట గుంపుగా ఎక్కడ కనబడితే ఆ చోటు పేరు రాస్తుంది. మీ బెంచీ మీద కనబడింది." పలక ఆవిడ వైపు తిప్పాడు. "సింహాచలం సెలూన్. లైసెన్సు మీది."

ఒక్క వెంట్రుక కొయ్యకుండా ఆ ఏడు రాష్ట్రమంతటికీ స్టైల్ ఇచ్చిన మనిషి పైడమ్మ. ఆవిడ ఆ పలక వంక చూసి, తండ్రి పేరున్నచోట వేలు పెట్టి, వెంటనే తీసేసింది.

"ఆ వనం స్టైల్ మార్చలేరా?" అని జగ్గారావు అడిగాడు.

"మార్చలేం," అన్నాడు డాక్టరు. "ఎవడో డబ్బున్నవాడు ఫ్యాషన్‌ని తన ఇష్టానికి తిప్పుకోకూడదని, మనిషి చెయ్యి పడకుండా మేమే తాళం వేశాం. నేనే వేశాను. జనం జుట్టు మారితేనే అది మారుతుంది. అది కొయ్యదు కాబట్టి జనం జుట్టు మారదు." గొంతు తగ్గించాడు. "పైడమ్మ గారూ, రేపు సాయంత్రం నాకు పెళ్ళిచూపులు. మా ఊళ్ళో కత్తెర పట్టేవాళ్ళు ఎవరూ లేరు. ఇప్పుడు కొంచెం..."

పైడమ్మ ఎడమచెయ్యి చాచి ఆయన తల మీద పెట్టింది. నలభై ఒక్క రోజుల తర్వాత ఆ చెయ్యి జుట్టు ముట్టింది. వేళ్ళు లోపలికెళ్ళి ఒక సుడి చుట్టూ తిరిగి, రెండోదాని చుట్టూ తిరిగి, మెడ దగ్గర ఆగాయి.

"నిద్దర్లేదు మీకు. వారం అయింది," అంది. "చేస్తాను, ఎందుకు చెయ్యను. కానీ ఇవాళ మంగళవారం. నా షాపు సెలవు."

"ఈ ఒక్కసారికి..."

"మా నాన్న నలభయ్యేళ్ళు తియ్యలేదు. మీ గుడ్డు కోసం, మీ పెళ్ళి కోసం తియ్యను. రేపు పొద్దున్న ఆరింటికి మొదటి తల మీదే. రెండు చేతులూ ఉంటాయి, తొడుగులుండవు."

ఆయన తలూపాడు. అప్పటికి పందిట్లో ఆకులు వేశారు. అందరూ వరసల్లోకి చేరుతున్నారు గానీ ఎవరూ కూర్చోలేదు. పైడమ్మ పందిరి అంచున నిలబడి ఉంది. ఆ ఎడమచేతికి డాక్టరు జుట్టు పోగు ఒకటి అంటుకుని ఉంది. ఆవిడ దులపలేదు. చెయ్యి దాచలేదు కూడా. నరసాయమ్మ వైపు చూస్తూ నిలబడింది.

నరసాయమ్మ ఆ చేతిని చూసింది. గెడ్డాల్ని, ఆ రెండువందల చిల్లర తలల్నీ చూసింది. ముసలావిడకి అరనిమిషం పట్టింది. తర్వాత తన పక్కన ఉన్న ఆకు మీద నీళ్ళు చిలకరించింది.

"కూకోవే పైడీ," అంది. "ఎంతసేపు నిలబెడతావు జనాన్ని. పప్పు చల్లారిపోతంది."

"చెయ్యి..."

"ఆ చెయ్యే. కూకో."

పైడమ్మ వచ్చి కూర్చుంది. అవతలి పక్కన డాక్టర్ పట్రుడు కూర్చున్నాడు, ఆయన పక్కన జగ్గారావు. స్వాములు శరణు చెప్పారు. పైడమ్మ మొదటి ముద్ద కలిపి నోటి దాకా తెచ్చి, అలవాటు కొద్దీ ఆగి, ఎవరైనా తల పట్టుకుని వస్తున్నారేమోనని వీధి వైపు చూసింది. ఎవరూ రావడం లేదు. అందరూ అక్కడే కూర్చుని తింటున్నారు.